పెన్‌రోజమ్మ తోట తగలబెట్టిన శనివారం

విమలకుమారి పేరెత్తితే మా సంఘంలో ఇప్పటికీ కొందరు మొహం తిప్పుకుంటారు. ఆవిడకి ఎదురుపడలేని పని చేసింది మేమే కదా. నాకు మా మీద ఇంకా కోపం పోలేదు.

ఆవిడది నరసాపురం. నర్సుగా అమెరికా వచ్చి పార్సిప్పనీ దగ్గర ఆసుపత్రిలో చేరింది. 1983లో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారం మధ్యాహ్నాలకి ఒక పాత చర్చి అద్దెకు తీసుకుంది. ఇక్కడి ఇనప గనుల్లో పనికి ఇంగ్లండ్ కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి వచ్చినవాళ్లు కట్టుకున్న చర్చి అది. వెనక తోట చూసుకునే మిసెస్ పెన్‌రోజ్ వాళ్ల మనవరాలే, డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి. పూర్వీకుల కార్నిష్ భాష వాళ్ల తాతకే రాదట. ఈవిడ పుస్తకాలు తెప్పించుకుని ముసలితనంలో నేర్చుకుంది.

ఆరాధన అయ్యాక మేము కాఫీల దగ్గర చేరితే విమలకుమారి కుచ్చెళ్లు దోపుకుని తోటలోకి పోయేది. ప్రతి మడికీ ఒక చెక్కపుల్ల ఉండేది. ఒక పక్క మొక్క పేరు కార్నిష్‌లో, రెండో పక్క ఒక గని కార్మికుడి పేరు, ఇల్లెక్కడ, ఎలా పోయాడు. ఊళ్లో ముసలివాళ్లు చెప్పగా పెన్‌రోజమ్మ రాసినవి. చెప్పినవాళ్లు పోయారు, వేరే నకలు లేదు. విమలకుమారి చేత కలుపు తీయిస్తూ ఒక్కో పుల్లా చదివించేది. తోటంటే లోవర్థ్, వానంటే గ్లావ్ అని విమలకుమారి నాకూ చెప్పేది.

"మన పిల్లలకే తెలుగు రావట్లేదు, నీకీ చచ్చిన భాషెందుకు విమలా?" అన్నానొకసారి.

"చచ్చినదాన్ని ఆవిడ లేపుతోంది, బతికున్నదాన్ని మనం ఇంట్లోనే చంపుకుంటున్నాం. ఒళ్లు మండదా నాకు?" అంది.

ఎనభై ఐదులో పెన్‌రోజమ్మ తుంటి విరిగి ఆసుపత్రిలో పడింది. తోట విమలకుమారికి అప్పజెప్పింది. పుల్లలు ఐదు వరసలుంటే విమలకుమారి అప్పటికి కంఠతా పట్టింది రెండే.

ఈస్టర్ ముందు శనివారం మేము ఆవరణ శుభ్రం చేశాం. విమలకుమారి డ్యూటీలో ఉంది. పుల్లల మీది రాత చూసి సంఘ పెద్ద ఆమోసు గారు ఆగిపోయారు. "ఇంగ్లీషు కాదు, ఏమీ కాదు. మందిరం వెనక మంత్రాలు పాతారు," అన్నారు. అన్నీ పీకి, ఒలీవ నూనె చల్లి, ప్రార్థన చేసి తగలబెట్టాం. అవేమిటో నాకు తెలుసు.  అయినా పెద్దాయన చెప్పగానే మూడో వరస పీకింది నేనే.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయంలో విమలకుమారి సగం కాలిన పుల్ల పట్టుకుని లేచింది.

"ఆమోసు గారూ, ఇది చదవండి."

"నాకు రాదమ్మా."

"రాదని తగలబెట్టారా? దీని మీద క్యాబేజీ అని ఉంది. క్యాబేజీకి నూనె చల్లి సాతాన్ని వెళ్లగొట్టారు. వెనక పేరున్న మనిషి ఈ చర్చికి రాళ్లు మోసినవాడు."

"ప్రార్థనలో పెడదాం సిస్టర్."

"ప్రార్థన తర్వాత. రేపు పదింటికి ఆసుపత్రికొచ్చి ఆవిడకి మీ నోటితో చెప్పండి. చెయ్యి వేసినవాళ్లందరూ రండి."

ఎవరూ వెళ్లలేదు. నేను కారు తాళాలు పట్టుకుని పదకొండింటిదాకా వంటింట్లో కూర్చున్నాను.

సాయంత్రం విమలకుమారి ఫోన్ చేసింది. పోయిన మూడు వరసల పేర్లు గుర్తు చేసుకోబోయి పెన్‌రోజమ్మ నాలుగు చెప్పి ఆగిపోయిందట.

"నువ్వు పీకిన వరసలో ఒక్క పేరైనా చదివావా?" అని అడిగింది.

చదవలేదు.