ఆవిరి గదిలో పెళ్లిచూపులు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతనయ్యేది కాదు. కుక్కర్ పెడితే విజిల్ వచ్చేదాకా దాని ముందే పచార్లు చేసేదాన్ని; బస్సెక్కితే డ్రైవర్ కంటే నేనే ఎక్కువగా రోడ్డు చూసేదాన్ని. అలాంటిదాని చేతికి ప్రాణమున్నవాటిని ఎవరైనా అప్పజెబుతారా? మా ఆఫీసక్క అప్పజెప్పింది. (భూపాలపల్లిలో ఇద్దరం ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఒకే అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. నాకంటే పెద్దది కాబట్టి ఆ పేరే అలవాటైంది.) ఎండాకాలంలో వాళ్లమ్మకు కంటి ఆపరేషనని పెద్దవంగరకు పోతూ, ముందుగదిలో తను పిల్లల్లా పెంచుకునే కుండీలను చూపించి, "మంచిగ చూసుకో చెల్లె, ఫెర్ను ఆకులు మాడకుండ చూడు" అని బస్సెక్కింది.

ఆమె అటు పోగానే ఫెర్ను ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగాయి. నెమలీక లాంటి గీతలున్న ఇంకో మొక్క తన ఆకుల్ని బీడీల్లా చుట్టేసుకుంది. నీళ్లు పోశాను, ఇంకా పోశాను, లాభం లేకపోయింది. ఫోన్లో వెతికితే తెలిసింది, దాహం వేళ్లకు కాదట, ఆకులకట. నీడపట్టున పెరిగే ఇలాంటి మొక్కలకు గాలిలో తేమ యాభై, అరవై శాతమైనా ఉండాలట. వెంటనే తేమ కొలిచే చిన్న మీటరు తెప్పించి కుండీల మధ్య పెడితే ఇరవై చూపించింది. భూపాలపల్లి ఎండలకు అది మామూలే గానీ, నాకు మాత్రం దవాఖానలో అయినవాళ్లు మంచం మీదున్నట్టే అనిపించింది.

ఇక చూసుకోండి. ఆకుల మీద నీళ్లు చల్లితే మీటరు కాస్త లేచేది, నేను మొహం కడుక్కుని వచ్చేలోపు పడిపోయేది. తడి దుప్పట్లు, చీరలు దండెం మీద వేలాడదీశాను. కిటికీలకు పాలిథిన్ కవర్లు అంటించి, మూసిన గదిలోనే కూలర్ తిప్పాను. అదీ చాలక స్టవ్ తెచ్చి గిన్నెడు నీళ్లు మరగబెట్టాను. ఆఫీసులో కూర్చున్నా మనసంతా మీటరు మీదే ఉండేది. మధ్యాహ్నం భోజనం వదిలేసి ఇంటికి ఉరికి, ఒకసారి చూసి మళ్లీ ఉరికేదాన్ని. అది తొంభై దాటిన రోజు లోకాన్ని గెలిచినట్టే అయింది. డబ్బాలో ఉప్పు నీరు కారుతున్నా, అగ్గిపుల్ల వెలగకపోయినా, కట్టుకున్న చీర బూజు వాసన కొడుతున్నా నాకు పట్టలేదు. (ఫెర్ను చిగురు వేసింది మరి!)

సరిగ్గా అప్పుడే తరిగొప్పుల నుంచి నాయిన ఫోన్ చేశాడు. మానుకోట సంబంధం వాళ్లు కాళేశ్వరం పోయి వస్తూ నన్ను చూసి పోతారని, తనూ బయలుదేరానని చెప్పాడు. కిటికీ మీద చెయ్యి వేశాను. బయట వడగాలి. చిగురు గుర్తొచ్చి చెయ్యి తీసేశాను. నాయిన బస్సు ఇంకా దారిలో ఉండగానే అబ్బాయి, వాళ్లమ్మ వచ్చేశారు. తలుపు తీసీ తీయగానే, ఏసీ కారు దిగి వచ్చిన ఆయన కళ్లద్దాలు తెల్లబడ్డాయి. తుడిచి పెట్టుకున్నాడు, మళ్లీ తెల్లబడ్డాయి. కుర్చీలో కూర్చుని, దండెం మీది తడి చీరను చూస్తూ, ఎంతో మర్యాదగా ఏం చదివారని అడిగాడు. "నేను ఇటుదిక్కున్న" అన్నాను. అవ్వ పంపిన సకినాలు పెట్టాను, అవి విరగలేదు, వంగాయి. వాళ్లమ్మ చెమట తుడుచుకుంటూ గదంతా కలయజూసి, "ఏంది బిడ్డా, గిది ఇల్లా, వడ్లు ఉడకబెట్టే బట్టీనా?" అంది. మొక్కల సంగతి చెప్పబోతే దగ్గొచ్చింది. ఏ మాటైనా కబురు పెడతామని వాళ్లు లేచారు. తర్వాత వచ్చిన నాయిన అంతా విని, తిట్టలేదు. "జర కిటికీ తెరువు బిడ్డా" అని మాత్రం అన్నాడు.

కబురు రాలేదు. ఆఫీసక్క వచ్చింది. మట్టి మీద తెల్లటి బూజు, మొదలు కుళ్లి వాలిపోయిన ఒక మందపాటి ఆకుల మొక్క, దుప్పట్లు, నేను. అన్నీ చూసి నడుం పట్టుకుని నవ్వింది. "తేమ ఉండాలె గని గాలి గూడ ఆడాలె కదనే. ఉక్కపోతల మొక్క బతకది, మనిషి బతకడు" అంటూ కవర్లు పీకేసింది. వెడల్పాటి పళ్లాల్లో గులకరాళ్లు పరిచి, అవి మునగకుండా నీళ్లు పోసి, పైన కుండీలను దగ్గర దగ్గరగా పెట్టింది. పొద్దున్నే కిటికీ తీసి, ఫ్యాను మెల్లగా తిప్పింది. మొక్కలు కుదురుకున్నాయి. నేనే కుదురుకోలేదు, ఫోన్ మోగితే చాలు ఉలిక్కిపడేదాన్ని.

చివరికి ఆయనే చేశాడు. "ఎంత తుడిచినా అద్దాలల్ల పొగనే, మిమ్మల్ని చూడనే లేదు. చూడకుండ వద్దని ఎట్ల చెప్పాలె? కిటికీలు తెరిచి పెడితే మళ్లొస్త" అన్నాడు. తెరిచి పెట్టాను. వచ్చాడు. చూశాడు.

ఇప్పుడు మానుకోటలో మా ఇంట్లోనూ కుండీలున్నాయి. ఆకు చివర ఎండితే కత్తెరతో కత్తిరించి నా పనిలో నేను పడిపోతాను. ఒక్కోసారి, మొహమంతా ఆవిరితో గదిలో గింగిరాలు తిరిగిన ఆ పిల్ల కళ్లముందుకొస్తుంది. పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని, గ్లాసెడు సల్ల చేతికియ్యాలనిపిస్తుంది. కూర్చోదు, నాకు తెలుసు. నిలబడే తాగేసి పోతుంది.