మైనస్ బి బై టూ ఏ

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు లెక్కలకు నా దగ్గరికి రాలేదు. మిద్దె మీద ఉండే మా తోడికోడలి దగ్గరికి పోయేది. అందులో ఏముంది అనుకునేవాళ్లకు ఒక మాట చెప్పాలి. నేను వడమాలపేట దాటినాక ఒక హైస్కూల్లో లెక్కల టీచర్ని. ఊళ్లో పిల్లలకు నేను చెప్పే లెక్క అర్థమవుతుంది. నా కడుపున పుట్టినదానికి మాత్రం పిన్ని చెప్తేనే అర్థమవుతుందట.

తిరుపతిలో మా ఇంట్లో కింద మేము, పైన మరిది వాళ్లు. తోడికోడలు ఇంజనీరింగ్ చదివి, ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉద్యోగం చేస్తుంది. నాకంటే చిన్నది, సన్నగా ఉంటుంది, ఎప్పుడూ నవ్వు ముఖమే. నేను బస్సు దిగి, చెమట తుడుచుకుంటూ ఇల్లు చేరే వేళకు పైనుంచి ఇద్దరి నవ్వులూ వినబడేవి. వర్గ సమీకరణంలో అంత నవ్వేదేముందో ఇన్నేళ్ల సర్వీసులో నాకైతే కనబడలేదు.

ఒకరోజు అన్నం వడ్డిస్తూ, ఏం చెప్పిందే మీ పిన్ని అని అడిగాను, ఏమీ పట్టనట్టే. పరావలయానికి శీర్షం కనుక్కోవడం నేర్పిందట. దాని భాషలో పారాబోలా, వెర్టెక్స్. వర్గం పక్కనుండే అంకె ఏ, ఉత్త ఎక్స్ పక్కనుండేది బి. మైనస్ బి బై టూ ఏ వేస్తే శీర్షం ఎక్కడుందో వచ్చేస్తుందట, దాన్ని తిరిగి సమీకరణంలో పెడితే ఎత్తు కూడా వచ్చేస్తుందట, అర నిమిషం పనట. ఆ సూత్రం ఎట్లా వచ్చిందో తెలుసా అన్నాను.

"ఎందుకుమా అదంతా, ఆన్సరొస్తాది కదా" అంది. నాకు ఒళ్లు మండిపోయింది.

నేను తరగతిలో ఆ సూత్రం ముందు చెప్పను. పరావలయం రెండు పక్కలా ఒకేలా వంగుతుంది. ఒకే ఎత్తులో ఉండే రెండు బిందువులు పట్టుకుంటే, శీర్షం సరిగ్గా వాటి నడుమ ఉంటుంది. ఆ రెండింటినీ పిల్లలచేతే పట్టిస్తాను, సూత్రం దానంతటదే వస్తుంది. ఈ పద్ధతంటే నాకు కాస్త గర్వం కూడా. నా కూతురికి ఒక్కసారైనా ఇట్లా చెప్పాలని ఆశ. అది కూర్చుంటే కదా.

అంతటితో ఊరుకున్నానా, లేదు. అది పైకి పోయిందంటే చాలు, ఏదో ఒక పని పెట్టి కిందికి పిలిచేదాన్ని. కొత్తిమీర తెమ్మని ఒకసారి, ఆరేసిన బట్టలు తియ్యమని ఒకసారి. ఆమెకు ఆఫీసు పని ఉండదా, ఎప్పుడు చూసినా మన పిల్లను పక్కన పెట్టుకుంటుంది అని మా ఆయన దగ్గర సణిగాను. "పిల్లకు అర్థమైతా ఉండాది గదా, నీకేం నొప్పి" అన్నాడు. నొప్పి కాదు, కుళ్లు. పిల్ల నన్ను అడగాలి. నాకు కావలసింది అదొక్కటే.

అప్పుడు కాలేజీలో వారం పరీక్ష పెట్టారు. పైకి విసిరిన బంతి ఎత్తు, t సెకన్లకు 3 + 20t − 5t² మీటర్లు. అది ఎప్పుడు అన్నిటికంటే పైన ఉంటుంది అని ప్రశ్న. మామూలుగా వర్గం ఉన్న పదం ముందు రాస్తారు. ఇందులో తిప్పి రాశారు. మా అమ్మాయి చూపు అలవాటు కొద్దీ మొదటి అంకె మీద పడింది. మూడునే ఏ అనుకుని సూత్రంలో వేసేసింది. జవాబు మైనస్ పది బై మూడు సెకన్లు. అంటే చెయ్యి విడవకముందే బంతి పైకి చేరిపోయింది. దాని కింద నీటుగా గీత కూడా కొట్టింది.

ఆ పేపరు చూసి తల్లిగా బాధపడాలి. నేను చంకలు గుద్దుకున్నాను. అది ముఖం మాడ్చుకుని పైకి పోతే, పేపరు పట్టుకుని నేనూ వెనకే మెట్లెక్కాను. పిన్ని చదువు ఏపాటిదో పిన్ని ముందే తేల్చాలని.

తోడికోడలు పేపరు చూసింది. నీళ్లు నములుతుందనుకున్నాను. పకపకా నవ్వింది. "అక్కా, నేనైనా ఇట్లే రాసుంటాను. ఆ ఫార్ములా యాడ్నుంచి వచ్చిందో నాకూ తెలీదు. నువ్వు చెప్పు, మేమిద్దరం వింటాం" అంది. కొట్లాటకు పోయినదానికి కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టయింది.

చెప్పాను. చెయ్యి విడిచేటప్పుడు బంతి ఎత్తు మూడు. మళ్లీ దిగుతూ అదే మూడుకు ఎప్పుడొస్తుంది? 20t − 5t² సున్నా కావాలి. అంటే t సున్నా, లేదా నాలుగు. వాటి నడుమ రెండు. రెండో సెకనుకు బంతి ఇరవై మూడు మీటర్ల ఎత్తున, అన్నిటికంటే పైన. తర్వాత అంకెల బదులు అక్షరాలు పెట్టి అదే లెక్క చేయించాను. ఈసారి సున్నా ఒకవైపు, మైనస్ బి బై ఏ ఇంకోవైపు వచ్చాయి. వీటి నడుమ ఏముందే అన్నాను. అమ్మాయి పెన్ను ఆగిపోయింది.

"మా, ఇది మైనస్ బి బై టూ ఏ నే కదా" అంది.

ఆ ముఖం నేను బడిలో ఎందరిలోనో చూశాను. నా ఇంట్లో చూడటం అదే మొదలు. ఏనుగెక్కినంత సంబరమైంది.

తోడికోడలు మాత్రం తనకు సగమే అర్థమైందని, ఇంకోసారి చెప్పమని అంది. నేను గొంతు సవరించుకున్నాను. అంతలో మా అమ్మాయి కాగితం తీసుకుని నా పక్కనుంచి లేచి పిన్ని పక్కకు పోయి కూర్చుంది. ఆమె భుజానికి ఆనుకుని, ఒకే ఎత్తులో రెండు బిందువులు పెట్టింది. నేను చెప్పిన వరసలోనే, నా మాటల్లోనే మొదలుపెట్టింది. పిన్ని మధ్యలో ఏదో తప్పు చెప్తే ఇద్దరూ పడీ పడీ నవ్వుకున్నారు.

నేను ఇంకా అక్కడే ఉన్నానని కాసేపటికి దానికి గుర్తొచ్చింది. తల తిప్పి చూసింది.

"మా, నువ్వు కిందికి పో. పిన్నికి అర్థమయ్యేదాకా నేను చెప్పేసి వస్తా."