నిండని గడి

కింది వాటాలో కిరాయికుండే అమ్మాయి, డిగ్రీకి శంషాబాద్‌లో తను అనుకున్న రెండు కాలేజీల్లో ఏది మంచిదో చూసి చెప్పమంది. నన్నొకరు సలహా అడిగి చాలా కాలమైంది. డైరీలో గళ్లు గీసి, మూడు వారాలు రెండు కాలేజీలూ తిరిగి ఫీజు, ల్యాబు, పాఠం చెప్పేవాళ్ల సంగతి రాశాను. చదివి వెళ్లినవాళ్లు ఏమయ్యారన్న గడి మాత్రం నిండలేదు. కాలేజీవాళ్లు అందరికీ ఎయిర్‌పోర్టులో ఉద్యోగాలన్నారు, ఒక్కరినీ చూపలేదు.

కిందికి వెళ్లి చూపిస్తే నవ్వింది.

"నేను మొన్ననే చేరిన తాతా. మా దోస్తు చేరిందని."

"మరి ఈ గడి?"

"ఖాళీగ ఉంచు. మూడేండ్లకు నేనే వచ్చి రాస్త."

వచ్చే నెల ఆ అమ్మాయి వాళ్లు ఇల్లు ఖాళీ చేసి తుక్కుగూడకు మారుతున్నారు. అయినా ఆ గడిలో నేనేమీ రాయలేదు.