గురంతా నింపుడులనే

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మాకు పాలు పోసే అవ్వ. ఆమెది నేను పుట్టిన ఊరే. రోజూ పొద్దున్నే పాల క్యాన్లతో ఆటో ఎక్కి నేనుండే రామన్నపేటకు వస్తుంది. ఆ రోజు గిన్నెలో పాలు పోస్తూ పోస్తూ చెయ్యి ఆపింది.

"బిడ్డా, జర గుండె గట్టి చేసుకో. మీ అన్న చేతుల తుపాకి పగిలిందంటున్నరు."

"ఎవరన్నరవ్వా?"

"ఊరంత అంటున్నరు. తెల్లారంగ మీ చెల్క దిక్కు ఢామ్మని సప్పుడైంది. దాని ఎనుకనే మీ వదిన ఒకటే మొత్తుకునుడు. నేను కండ్లార చూడలే. ఆటో పోతదని ఉరికొచ్చిన."

అన్నకు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. వదిన ఫోన్ అసలు మోగనే లేదు. పాలు పొయ్యి మీద పెట్టకుండానే చెప్పులేసుకుని ఆటోల అడ్డా మీదికి నడిచాను.

మా అన్న నేతగాడు. ఇంట్లో మగ్గం ఆయనదే. తుపాకి పట్టినప్పుడు ఎడమ చెయ్యి గొట్టం కిందే ఉంటుంది. గొట్టం పగిలితే మొదట పోయేది ఆ చెయ్యి, ఆ తర్వాత కళ్లు. ఆటోలో కూర్చున్నంతసేపూ నాకు ఆ ఒక్కటే ఆలోచన. ప్రాణం గురించి అనుకోవడానికి కూడా భయమేసింది. 'నరసింహస్వామీ, చెయ్యి పోయినా మనిషిని ఉంచు' అని ఒకసారి, 'చెయ్యి కూడా ఉంచు తండ్రీ' అని ఇంకోసారి మొక్కుకున్నాను.

ఆ తుపాకి మా బాపుది. గుట్ట కింద మాకున్న కొద్దిపాటి చెల్కలో పల్లికాయ వేస్తే ముందు అడవిపందులు తినేవి, మిగిలింది మాకు వదిలేవి. పంట కాపాడుకోవడానికి బాపు లైసెన్సు తీసుకుని దాన్ని తెచ్చుకున్నాడు. దానికి తూటాలుండవు. గొట్టం మూతి నుంచే మందు పోయాలి, గుడ్డలో చుట్టిన సీసం గుండును గజంతో, అంటే సన్నటి ఇనుప కడ్డీతో, అడుగుదాకా దించాలి. చివరికి వెనకవైపు చిన్న రాగి టోపీ పెడితేనే పేలుతుంది. ఒకసారి పేల్చాక మళ్లీ అంతా మొదటి నుంచి.

మిగతావాళ్లు మందును అందాజాగా చేతిలో పోసుకుని నింపేవారు. బాపు అట్లా కాదు. వెదురు గొట్టం ఒకటి కోసి కొలత చేసుకున్నాడు. దాని నిండా పోసి, పైన బొటనవేలితో సాపు చేసేవాడు. గుండుకు చుట్టే గుడ్డ, గంజి మొత్తం పోయేలా ఎన్నోసార్లు ఉతికిన పాత నూలు గుడ్డే కావాలి. దానికి కాస్త నూనె రాసేవాడు. గుట్ట వారన మట్టి దిబ్బకు పాత చేట ఆనించి, నడుమ బొగ్గుతో చుక్క పెట్టి కొట్టి చూసేవాడు. గుండు పక్కకు పోతే తన కంటిని అనేవాడు కాదు, నింపడంలో ఏం తేడా వచ్చిందా అని వెతికేవాడు.

"గురి కండ్లల్ల ఉంటదనుకుంటరు బిడ్డా. గురంతా నింపుడులనే. మొన్నెట్ల నింపినవో ఇయ్యాల గట్లనే నింపాలె. గప్పుడే అది నీ మాట ఇంటది."

బడికి పోని నాకు అక్షరాలు దిద్దించింది కూడా ఆయనే. మగ్గం మీద కూర్చుని పద్యం చెప్తుంటే కింద నేను పలక మీద రాసేదాన్ని. ఆ చనువుతో ఒకసారి అడిగాను, వరాహమూర్తికి మొక్కే ఇంట్లో పందినెట్లా కొడతావని. బాపు నొచ్చుకోలేదు.

"గందుకే గురి సక్కగుండాలంటున్న. కొడితే ఒక్క దెబ్బకు పోవాలె. కుంటుకుంట పోయి గుట్టల తన్నుకులాడితే, ఆ పాపం మనకొద్దు."

గజానికి ఒకచోట ఎర్ర దారం చుట్టి ముడేశాడు. గుండు అడుగున మందు మీద కూర్చుంటే ఆ దారం సరిగ్గా గొట్టం మూతికి ఆనుతుంది. దారం పైన తేలిందంటే గుండు దారిలో ఎక్కడో ఇరుక్కుందని అర్థం. అట్లా ఇరుక్కున్నప్పుడు పేలిస్తే పగిలేది గొట్టమే. ఈ మాట ఇంట్లో ఆడవాళ్లకు కూడా చెప్పి పెట్టాడు.

బాపు పోయాక లైసెన్సు అన్న పేరు మీదికి మారింది. ఆ ఏడు ఎలక్షన్లు వచ్చాయని తుపాకిని అందరిలాగే స్టేషన్లో అప్పజెప్పాడు. తిరిగి చేతికి వచ్చేసరికి పందులు చెల్కలో సగం దున్నేశాయి. పంట పాడు చేసే పందులను కొట్టడానికి పంచాయతీ ద్వారా పర్మిషన్ కూడా వచ్చింది. నెలల తర్వాత మళ్లీ తుపాకి ముట్టుకున్న మనిషి, కోపంలో ఉన్న మనిషి. ఏం జరిగి ఉంటుందో నేను ఆటోలోనే ఊహించుకుని సగం చచ్చాను.

ఇంటికి చేరేసరికి అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని చాయ్ తాగుతున్నాడు. రెండు చేతులు. వేళ్లన్నీ ఉన్నాయి. నేను అక్కడే వాకిట్లో కూలబడి ఏడ్చాను.

"గట్ల ఏడుస్తున్నవేందే? ఎవలు సచ్చిండ్రు?"

"నువ్వే అన్నా!"

ఆయన అటూ ఇటూ చూసుకుని మళ్లీ చాయ్ తాగాడు. లోపలి నుంచి వదిన గొంతు వచ్చింది.

"సావలే మరదలా. నేనే సావనియ్యలే. గందుకే మూతి ముడుసుకొని కూసున్నడు."

అప్పుడు ఇద్దరూ చెరో ముక్క చెప్పారు. ఒకరితో ఒకరు మాట్లాడకుండా నాతోనే చెప్పారు. ముందురోజు చేట మీద కొట్టి చూస్తే గుండు పక్కకు పోయిందట. గుడ్డ వదులైందని అన్న అనుకున్నాడు. ఇంట్లో నేసేది పట్టే కాబట్టి పాత నూలు గుడ్డ చేతికి దొరకలేదు. గంజి వదలని కొత్త గుడ్డనే రెండు మడతలు వేసి గుండుకు చుట్టాడు.

"పడుగు ఎంత బిగిస్తే బట్ట గంత సక్కగొస్తది కదనే. గుండు సుత గంతే అనుకున్న," అన్నాడు నాతో.

నేతగాడు తప్ప ఇంకెవరూ అట్లా అనుకోరు.

తెల్లవారుతుండగా మంచె మీద ఇద్దరూ ఉన్నారు. పందులు చెల్కలోకి దిగాయి. అన్న గబగబా నింపి, గుండును బలమంతా పెట్టి కూరాడు. గజం కొంత దూరం దిగి ఆగిపోయింది.

"దారం పైకే ఉన్నది," అన్నది వదిన.

"గుడ్డ మందమైందే, గందుకే."

"మందమైతే ఎంట్రుకంత తేలాలె. మూరెడు తేల్తదా?"

"నాకు నేర్పుతున్నవా? అగో, పందులు కాయంత మింగుతున్నయ్!"

"కండెలకు దారం చుట్టి చుట్టి నా కండ్లు పోయినయ్ గని, దారం యాడున్నదో కనవడకుంట పోలే."

అన్న గజం పక్కన పడేసి టోపీల డబ్బీ కోసం చెయ్యి చాచాడు. వదిన అంతకంటే ముందే దాన్ని తీసి కొంగున ముడేసుకుని మంచె దిగింది. టోపీ లేకపోతే ఆ తుపాకి పేలదు. అన్న పైనుంచి తిట్లు, వదిన కింద నుంచి అంతకంటే పెద్ద గొంతుతో జవాబులు. ఆ గొడవకు పందులు పక్క చెల్కలోకి ఉరికితే, ఆ చెల్క ఆసామి వాటిని బెదరగొట్టడానికి పటాకులు కాల్చాడు. ఊరు విన్న ఢాం అది. ఆ తర్వాత కూడా ఆగని మొత్తుకోవడం మాత్రం మా వదినదే.

"ఫోనెందుకు ఎత్తలే మరి?" అన్నాను.

"మంచె మీద మర్సి వచ్చిన," అన్నాడు అన్న.

"నాదాంట్ల చార్జింగ్ లేదు," అన్నది వదిన.

ఏడుస్తూనే నవ్వాను. తుపాకి గోడవారన ఉంది, గొట్టం నిండా నీళ్లు పోసి పెట్టారు. నీళ్లు పోసింది వదినే. మందు తడిస్తే ఇక భయం లేదని ఆమెకు తెలుసు. గుండు ఇరుక్కుందని అన్నకు మాత్రం ఇంకా నమ్మకం కుదరలేదు. పంటంతా పందులపాలు చేసిందని గొణుగుతూనే, తుపాకులు బాగుచేసే మేస్త్రీ దగ్గరికి దాన్ని తీసుకుపోయాడు. నేను ఆ పూట అక్కడే ఉండిపోయాను. వదిన జొన్నరొట్టెలు చేసింది. తినబుద్ధి కాలేదు గాని, ఆమె బలవంతం మీద తిన్నాను.

అన్న మధ్యాహ్నానికి వచ్చాడు. వంటింటి గడప దగ్గర నిలబడి, జేబులోంచి సీసం గుండు తీసి వదిన అరచేతిలో పెట్టాడు. దానికి ఆ కొత్త గుడ్డ ఇంకా చుట్టుకునే ఉంది. గొట్టం నడుమ, సరిగ్గా తన ఎడమ చెయ్యి పట్టే జాగాలో ఇరుక్కుని ఉందట.

"ఇగో. నీ మొగని పానం."

వదిన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"గింతేనా? ఇంక జర పెద్దగుంటదనుకున్న."

అన్న నవ్వాడు. నవ్వి అక్కడే గడప మీద కూర్చుండిపోయాడు. చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. వదిన రొట్టె పెట్టిన పళ్లెం తెచ్చి ఆ చేతుల్లో పెట్టింది. నాకు ఆ క్షణాన ఏ దేవుడికి మొక్కాలో తెలియలేదు, తెలిసిన వాళ్లందరికీ మొక్కాను.

అన్న ఇప్పటికీ నేస్తున్నాడు. పల్లికాయ వేస్తున్నాడు. పందులు ఇప్పటికీ వస్తున్నాయి. తుపాకి పగిలి ఉంటే ఆ సంగతి ఊళ్లో ఏళ్లకేళ్లు చెప్పుకునేవారు. పగల్లేదు కాబట్టి అది సంగతే కాకుండా పోయింది. 'మొగనితోని కొట్లాడి మంచె దిగిన ఆడిది' అని మా వదినను నవ్వులాటకు అన్నవాళ్లు ఉన్నారు గాని, మెచ్చుకున్నవాళ్లు లేరు. ఆమె కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

అందుకే నేను రాస్తున్నాను. చదివిన మీకు నాదొక మనవి. ఎప్పుడైనా దేవుడి ముందు నిలబడి మీవాళ్ల క్షేమం కోరుకునేటప్పుడు, మా వదినను కూడా ఒక్కసారి తలుచుకోండి. ఆమె చల్లగా ఉండాలని అనుకోండి, చాలు.