ముత్యాలయ్య రాకెట్

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజున జాలరి ముత్యాలయ్య పడవ ఒడ్డు దాటడానికి లేదు. ఆ పూట సముద్రంలో ఎవరూ ఉండకూడదు. పాతికేళ్లుగా ఆయన ఆ రోజున రాకెట్‌ను నోరారా తిట్టి, అన్నం తిని పడుకునేవాడు. ఈసారి ఆ తిట్లు వినలేక కూతురు ధనలక్ష్మి తన కంప్యూటర్‌లో అంతరిక్షపు ఆట పెట్టిచ్చింది. అందులో మన రాకెట్ మనమే నడుపుకుంటూ ఏ గ్రహానికైనా పోవచ్చు.

మొదటి గ్రహం మీదే ముత్యాలయ్యకు ఊదారంగు సముద్రం దొరికింది. ఇక ఆయన ఈ లోకంలో లేడు. దీవులన్నీ చుట్టాడు, కనిపించిన ప్రతి వాగులోనూ దిగాడు. చివరికి రాకెట్ ఎక్కి కూర్చున్నాడు గానీ మీట నొక్కడే!

"ఎగిరించు నాయనా," అంది ధనలక్ష్మి.

"ఉండు పాపా. నీళ్లల్లో ఎవుడో ఉండాడు."

మోకాటి లోతు నీళ్లలో ఆరుకాళ్ల జంతువొకటి చేపల కోసం కాచుకున్నట్టు నిలబడి ఉంది.

"అది ఉత్త బొమ్మ నాయనా!"

"అయితే మాత్రం? రాకెట్ ఎగరతాదని వాడికి ఎవురన్నా చెప్పినారా?"

సాయంత్రం భార్య కామమ్మ తొంగిచూసింది. "శ్రీహరికోట రాకెట్ ఎప్పుడో పొయ్యింది. నీదింకా పోలేదా?"

"ఉండుమే," అన్నాడు ముత్యాలయ్య, తెర మీంచి చూపు తిప్పకుండా. "వాడి వల ఇంకా నిండలా."