వదిన వేళ్లకు తగ్గ బటన్లు

పోయిన వారం పొద్దున్నే అన్నయ్య ఫోన్ చేశాడు. "మీ వదిన ఇంక లేదమ్మా" అన్నాడు. వెనక మా అమ్మ ఏడుపు వినిపించింది. నేను బ్రూక్‌ఫీల్డ్ నుంచి సర్జాపుర రోడ్డులోని వాళ్లింటికి వెళ్లేసరికి వదినను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. ఆ రోజు వస్తుందని మాకందరికీ ఎప్పటినుంచో తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ తగ్గలేదు. ఆమె ఎలా బతికిందో మీకు చెప్పాలనిపించింది.

వదిన ఇదే ఊళ్లోని కాటన్‌పేట పిల్ల, మాటల్లో కన్నడం కలిసేది. వాళ్ల నాన్నది బట్టల వ్యాపారం. ఆమె మాత్రం యంత్రాల భాగాలను కంప్యూటర్ మీద గీసే ఉద్యోగం చేసేది. పెళ్లయిన కొత్తలో అన్నయ్యకు వీడియో గేమ్‌లో కార్ల పందెం నేర్పింది ఆమే. రోజూ భోజనాలయ్యాక ఇద్దరూ ఆడేవాళ్లు. ఓడినవాళ్లు గిన్నెలు తోమాలి. ఎక్కువగా అన్నయ్యే తోమేవాడు.

ఒక ఆదివారం ఆమె కంట్రోలర్ విప్పి, భాగాలన్నీ పేపరు మీద పరుచుకుని కూర్చుంది. వేగం పెంచే బటన్ సరిగా పడటం లేదట. తుడిచింది, స్ప్రింగు మార్చింది, బిగించి నా చేతికిచ్చింది. నాకు బాగానే పడింది. వదిన తన కుడి చూపుడు వేలి కేసి చాలాసేపు చూసుకుంది.

"బటన్ బాగానే ఉండాది పాపా. వేలే చెప్పిన మాట ఇనడం లేదు" అంది.

అది నరాల జబ్బనీ, కండలు ఒక్కొక్కటే చచ్చుబడతాయనీ, నయం చేసే మందు లేదనీ డాక్టర్ చెప్పాడు. అన్నయ్య తలుపేసుకుని ఏడ్చాడు. వదిన, ప్లాస్టిక్ తీగను కరిగించి పొర మీద పొరగా వస్తువులు తయారుచేసే త్రీడీ ప్రింటర్ తెప్పించింది.

అమ్మకు కోపం వచ్చింది. "ఇప్పుడీ ఆటలెందుకమ్మా? దేవుణ్ణి తలుచుకోకూడదా?"

"తలుచుకుంటానే ఉండా అత్తా. అంతవరకూ చేతులు సుమ్నే ఖాళీగా ఎందుకు పెట్టుకోవల్ల?"

మొదట వేలికొన కుదురుగా కూర్చునే గుంట ఉన్న బటన్లు చేసింది. తర్వాత అరచేతి అంచుతో నొక్కే వెడల్పాటి మీట. వంటింటి కాటా మీద వేలు నొక్కి ఎంత బలం మిగిలిందో చూసుకునేది. దానికి తగ్గట్టు మెత్తటి స్ప్రింగు పెట్టేది. ఒకటి అమరి హాయిగా ఆడుకునేలోపే తూకం ఇంకా పడిపోయేది. మళ్లీ గీయడం, మళ్లీ ప్రింటు. ఒక్కోసారి ప్రింటర్ గతి తప్పి ప్లాస్టిక్ దారాలు కుప్పపోసేది. "చూడప్పా, మిషను శావిగె చేసిండాది. పాయసం చేసుకుందామా?" అని అన్నయ్యను పిలిచేది. అన్నయ్యకు నవ్వు వచ్చేది కాదు.

మౌస్ పట్టుకోలేని రోజులు వచ్చాక గీసే పని నాకొచ్చింది. ఆఫీసు అయ్యాక వెళ్లేదాన్ని. ఆమె చెప్పేది, నేను గీసేదాన్ని. నాకు సరిగ్గా ఉందనిపించిన బటన్ ఆమెకు అందేది కాదు.

"నీ ఏలితో చూడాకు పాపా, నా ఏలితో చూడు" అనేది. ఇంకోసారి, "నా చెయ్యి ఇంక బాగుకాదు. ప్లాస్టిక్కునే బాగు చెయ్యల్ల" అంది. ఈరోజుకీ ఏ గొళ్లెం తీసినా, ఏ కుళాయి తిప్పినా, ఇది వదినకు తిరిగేదా అని చూస్తాను. అది ఆమె ఇచ్చిపోయిన చూపు.

చేతులు పోయాయి. తర్వాత మాట. చివరికి తల ఒక్కటే కాస్త కదిలేది. మాట ఉండగానే ఆమె నాచేత గీయించిన చిన్న గిన్నెలాంటి భాగాన్ని ప్రింటు చేసి, కంట్రోలర్‌ను బల్లకు బిగించి, దాని మీది బొడిపెలాంటి స్టిక్కుకు తొడిగాం. అందులో గడ్డం ఆనించి వదిన కారును తిప్పేది. పక్కన అన్నయ్య ఇంకో కంట్రోలర్‌తో వేగం చూసుకునేవాడు. కారు ఒకటే, నడిపేది ఇద్దరు. అన్నయ్య భయపడి నెమ్మది చేస్తే ఆమె కళ్లెర్రజేసేది. మలుపుల్లో కారు లోయలో పడేది. గడ్డం జారిపోతే అన్నయ్య తుడిచి, సర్ది, మళ్లీ ఆనించేవాడు.

పోయే ముందురోజు సాయంత్రం కూడా ఆడారట. అందరికన్నా వెనకే వచ్చారు. కానీ ఎక్కడా పడకుండా చివరి గీత దాటారు. ఆ రాత్రి నిద్రలోనే ఊపిరి ఆగిపోయింది.

స్నానం చేయించాక ముఖానికి పసుపు రాసింది నేనే. గడ్డం కింద గుండ్రంగా, ఎర్రగా, గిన్నె అంచు ఒత్తుకున్న గుర్తు ఉంది. పసుపు రాసినా కనబడుతూనే ఉంది. అన్నయ్య వంగి చూశాడు. బొటనవేలితో ఆ చోట రుద్దాడు, ఆమెకు నొప్పి పుడుతుందేమోనన్నంత మెల్లగా. అది పోలేదు. ఆయన రుద్దుతూనే ఉన్నాడు.