మూడు చుక్కల పర్వాలేదు

ముదిగుబ్బలో వేరుశనగ దళారీగా బతికిన మల్లికార్జునయ్య నోట "బాగుంది" అన్న మాట విన్నవాళ్లు ఎవరూ లేరు. అది ఆయన పొగరు కాదు, వృత్తి. రైతు బస్తా విప్పగానే దళారి గుప్పెడు కాయలు తీసి, చిదిమి, రెండు గింజలు నోట్లో వేసుకుని మొహం ముడుచుకోవాలి. బాగుందన్నాడా, ధర ఎగిరి కూర్చుంటుంది. అందుకని ఆయన దగ్గర ప్రతిదానికీ ఒక అర్థం ఉండేది. ఏమీ మాట్లాడకుండా చేతులు దులుపుకున్నాడంటే సరుకు పుచ్చు. "చూద్దాం లేప్పా" అన్నాడంటే మధ్యరకం. గోడవైపు చూస్తూ "పర్వాలేదు" అన్నాడంటే మాత్రం అది మొదటి రకం, అంతకు మించిన గింజ ఆ ఏడు మళ్లీ రాదు. ఈ సంగతి చుట్టుపక్కల రైతులందరికీ తెలుసు. ఆ మాట చెవిన పడగానే నవ్వుకుంటూ బీడీ ముట్టించుకునేవాళ్లు.

వానలు మొహం చాటేసి, పంట పలచబడి, అంగడి మూసేసినా ఆయన నాలుక మాత్రం మారలేదు. అసలు అది అంగడికే పరిమితమై ఉంటే గొడవే లేదు. పెళ్లిచూపులకు వెళ్లి లలితమ్మను చూసి వచ్చాక, పిల్ల ఎట్లా ఉందని అడిగిన తల్లికి ఆయన చెప్పిన జవాబు "పర్వాలేదు." కూతురు ఐశ్వర్య డిగ్రీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నా "పర్వాలేదు." లలితమ్మ వంటకు ఆ పాటి మాట కూడా దక్కలేదు. రోజూ ఒకే రకం సరుకు వస్తుంటే ప్రతిసారీ చిదిమి చూడనక్కర్లేదు కదా అని ఆయన ఉద్దేశం. లలితమ్మ ఉద్దేశం ఏమిటో ఆయన ఎప్పుడూ అడగలేదు.

అల్లుడు అశోక్ పనిచేసే కంపెనీ మూతపడ్డాక ఐశ్వర్య పుట్టపర్తిలో చిన్న టిఫిన్ అంగడి పెట్టింది. అమ్మ పేరే పెట్టుకుంది, లలిత టిఫిన్స్ అని. నానబెట్టిన బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ, దోసె, అమ్మ దగ్గర నేర్చుకున్న ఊరుబిండి. వేయించిన వేరుశనగలు, మిరపకాయలు కలిపి రోట్లో నూరే పచ్చడి అది. రుచికి లోటు లేదు గానీ జనమే రావడం లేదు. పక్కన కొత్తగా కట్టిన లాడ్జి ఒక్కటే ఆశ. గదిగదిలోనూ ఒక టిఫిన్ అంగడి పేరు అంటించాలని దాని మేనేజరు కేశవ అనుకుంటున్నాడు. ఫోన్లో మ్యాపు చూసి, తిన్నవాళ్లు ఏం రాశారో చదివి, ఆదివారం చెప్తానన్నాడు. ఆ పేరు మనది కాకపోతే అంగడి ఎత్తేయడమేనని అశోక్ తేల్చేశాడు.

అందుకే ఐశ్వర్య తెలిసినవాళ్లందరినీ రివ్యూ రాయమని బతిమాలింది. తండ్రిని అడగలేదు, ఆయనకు ఫోన్లో రాయడం వచ్చని ఆ పిల్లకు తెలియదు. కూతురికి చెప్పకుండా మేలు చేద్దామని ఆయనే పూనుకున్నాడు. కూతురి అంగడిలో తిని, పుట్టపర్తి నుంచి తిరిగొస్తూ బస్సులో కూర్చుని, అక్షరం అక్షరం వెతుక్కుని రాశాడు: "పర్వాలేదు. తినొచ్చు." రేటింగు చుక్కలు ఐదింటిలో ఎన్ని వెయ్యాలా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డాడు. ఐదు దేవుడి ప్రసాదానికి తప్ప మనిషి చేసినదానికి వెయ్యకూడదు. నాలుగు వేస్తే పిల్లకు గర్వం వస్తుంది. కాబట్టి మూడు. ఇంత మెచ్చుకోలు జన్మలో ఎవరికీ ఇవ్వలేదని, తన ధారాళానికి తానే మురిసిపోతూ ఇల్లు చేరాడు.

శనివారం పొద్దున కాఫీ తాగుతుండగా ఐశ్వర్య ఫోన్ చేసింది. లలితమ్మ చేతులకు పిండి ఉందని స్పీకరు పెట్టింది.

"అమ్మా, ఎవడో పాడుమనిషి రాసినాడమ్మా. 'పర్వాలేదు, తినొచ్చు' అంట. మూడే చుక్కలు! అందరికన్నా పైన అదే కనపడతాండాది. కేశవన్న సదివి, 'ఇదేందమ్మా, ఆకలికి ఆగలేకపోతే తినండి అన్నట్లు రాసినారే' అన్నాడు." ఆ పిల్ల ఏడ్చేసింది.

"వాని చేతులు పడిపోను! ఎవడే వాడు?" అంది లలితమ్మ.

"పేరు ఓబిలేష్ మొబైల్స్ కస్టమర్ అని ఉండాది."

మల్లికార్జునయ్యకు పొలమారింది. తన ఫోను కొన్నది ఊళ్లో ఓబిలేష్ అంగడిలోనే. కొన్నవాళ్లందరికీ అతను అదే పేరు తగిలిస్తాడు. నేనే రాశానని చెబుదామని ఆయన నోరు తెరిచాడు, మళ్లీ మూసుకున్నాడు. ముక్కూ మొహం తెలియనివాడు మూడు చుక్కలు వేస్తేనే పిల్ల ఇంత ఏడుస్తోందే, కన్నతండ్రే వేశాడని తెలిస్తే మళ్లీ పొయ్యి ముట్టించగలదా?  చెప్పులేసుకుని, ఎండలో గొడుగు కూడా మరిచి ఓబిలేష్ అంగడికి పరుగెత్తాడు.

ఓబిలేష్ అంతా విని నుదురు కొట్టుకున్నాడు. "ఏమన్నా నువ్వు! నీ పర్వాలేదు ఏందో ముదిగుబ్బకు తెలుసు. ఆ లాడ్జీకి వచ్చేది యాడాడోళ్లో. వాళ్లకేం తెలుస్తాది?"

"తుడిచేసేకి అయితాదా?"

"తుడిచేది ఏలన్నా, మార్చొచ్చు." ఎక్కడ నొక్కాలో చూపించి, తనే టకటకా కొట్టేశాడు. "సూపరో సూపర్! అమృతం! ఇట్లాంటి టిఫిన్ దేశంలోనే లేదు!" ఐదు చుక్కలు. "పంపేదా?"

"వద్దు, వద్దు!" మల్లికార్జునయ్య అతని చెయ్యి పట్టేసుకున్నాడు. "ఇంత పొగిడితే పుచ్చు సరుకు అంటగడతాండారని అనుకుంటారప్పా. నేనైతే ఆ బస్తా విప్పను కూడా విప్పను."

"మరి నువ్వే రాసుకో పో," అని ఓబిలేష్ ఇంకో బేరం చూసుకున్నాడు.

బెంచీ మీద కూర్చుని ఆయన ఇతరులు రాసినవి చదవడం మొదలుపెట్టాడు. ఒకడు బండి పెట్టుకోను జాగా లేదని తిట్టాడు. ఇంకొకడు వడ్డించినవాడి మొహం బాగాలేదన్నాడు. చాలామంది సూపర్ అనేసి వెళ్లిపోయారు. ఏ ఊరి మనిషో గానీ ఒకామె మాత్రం వేరే హోటలు గురించి ఇట్లా రాసింది: "ఇడ్లీ పొద్దున్నే వెళ్తే దూది, ఆలస్యమైతే గట్టి. సాంబారు తీపి, అలవాటు లేకపోతే చట్నీ అడగండి." ఆయన దాన్ని రెండుసార్లు చదివాడు. ఈమె తూకం తెలిసిన మనిషి, నేను ఆ హోటలుకు పోతాను, పొద్దున్నే పోతాను అనుకున్నాడు.

అప్పుడు గుర్తుకొచ్చింది. అంగడి రోజుల్లో, సరుకు కొనే మద్రాసు షావుకారు ఫోన్లో సరుకు ఎట్లా ఉందని అడిగితే పర్వాలేదంటే కుదిరేది కాదు. ఆయన కాయ చూడలేడు, గింజ నమలలేడు. తేమ ఎంత, తొక్క మందమా పలచనా, చేదుగింజ తగులుతోందా, అన్నీ విడమరిచి చెప్పాలి. లోపం దాస్తే మరుసటి లారీ వెనక్కి వస్తుంది. ఈ రాతా అంతే. ఆ టిఫిన్ అంగడి కుర్చీలో ఇంకా కూర్చోనివాడికి చెప్పాలి.

ఉత్సాహంగా ఫోను చేతిలోకి తీసుకున్నాడు. ఏం రాయాలో తోచక ఆగిపోయాడు. కూతురి అంగడిలో చివర తాగిన పలచటి కాఫీ తప్ప, తిన్న టిఫిన్ రుచి ఒక్కటీ గుర్తుకు రాలేదు. తిన్నంతసేపూ ఆయన కళ్లు వాకిలి మీదే ఉన్నాయి, ఎవరైనా వస్తారా రారా అని. ఇప్పుడు పుట్టపర్తి పోయి తినాలంటే ఐశ్వర్య మొహం చూడాలి. ఆ ధైర్యం లేదు. రేపే ఆదివారం. ఆ పిల్ల నేర్చుకున్నది తల్లి దగ్గరే కదా అని తోచి ఇంటికొచ్చాడు.

"ఏమే, ఉగ్గాని చేస్తావా? ఊరుబిండి కూడా."

"ఇంత ఎండలోనా? ఏమైందండీ మీకు?" అంటూ ఆయన్ను ఎగాదిగా చూసింది గానీ లలితమ్మ రోలు కడిగింది.

పళ్లెం ముందుకు రాగానే ఆయన శాంపిల్ చూసినట్లు చూశాడు. బొరుగులు విడిగా చిటికెడు, ఊరుబిండి విడిగా చిటికెడు. కళ్లు మూసుకుని నమిలాడు. ఇంకొంచెం వేసుకున్నాడు. ఆ తరువాత శాంపిల్ సంగతి మరిచి పళ్లెం ఖాళీ చేశాడు. నీళ్లు తాగి అట్లాగే కూర్చుండిపోయాడు. పెళ్లయిన నాటి నుంచీ ఈ సరుకు నా ఇంటికే వస్తోంది, ఒక్కరోజూ చిదిమి చూడకపోతినే అని ఆయనకు సిగ్గేసింది.

వసారాలో కూర్చుని, చెమట కళ్లలో పడుతుండగా రాశాడు. రాసింది పంపే మీట నొక్కాడు. నొక్కాక ఇంకో భయం పట్టుకుంది. లోపం కూడా రాసేశానే, అది చూసి కేశవ వద్దంటే? పిల్ల పొట్టకొట్టినవాణ్ణి రెండోసారి కూడా నేనే అవుతానా? ఆదివారమంతా ఆయన వాకిట్లోకీ వంటింట్లోకీ తిరుగుతూనే ఉన్నాడు.

సాయంత్రం లలితమ్మ గిన్నెలు తోముతుండగా ఫోను మోగింది. ఆయన తీసి, స్పీకరు నొక్కాడు.

"అమ్మా, ఆ మూడు చుక్కల మనిషి మార్చి రాసినాడు. సదువుతా, ఇను." ఐశ్వర్య చదివింది. "'ముందు మూడు చుక్కలు వేసిందీ నేనే. నా పొరపాటు. ఉగ్గానిలో బొరుగులు మెత్తగా ఉంటాయి గానీ ముద్ద కావు. ఊరుబిండి రోట్లో నూరింది, విరిగిన గింజ పంటికి తగులుతుంది. కారం మింగినాక తెలుస్తుంది, అలవాటు లేనివాళ్లు పెరుగు అడగండి. కాఫీ ఇంకా కుదరలేదు. అందుకే నాలుగు చుక్కలు, కుదిరినాక ఐదోది వేస్తా. వండేది నా కూతురు, కాబట్టి నా మాటకు కొంత తరుగు తీసి చదవండి. ఊరుబిండి వాళ్లమ్మ చేతి నుంచి వచ్చింది. పెళ్లయినప్పటి నుంచీ తింటున్నా. ఇంతకన్నా మంచిది నేను ఎక్కడా తినలేదు.'"



"నాయనా," అంది ఐశ్వర్య, "నువ్వేనా?"

"నేనేమ్మా. పర్వాలేదంటే అది... నా దగ్గర అంతకన్నా పెద్ద మాట లేకపోయింది తల్లీ."

ఆ పిల్ల ఏడుస్తూనే నవ్వింది. "కేశవన్న ఏమన్నాడో తెలుసునా? కూతురి అంగడని చెప్పి కూడా కాఫీ బాగలేదని రాసినాడంటే, తక్కినదంతా నిజమే అయ్యుంటాదన్నాడు. రేపు గదుల్లో మన పేరు అంటిస్తాడంట. కాఫీ కూడా మారుస్తా నాయనా."

ఫోను పెట్టేశాక మల్లికార్జునయ్యకు ప్రాణం కుదుటపడాలి. పడలేదు. లలితమ్మ ఒక్క మాటా అనకుండా గిన్నెలు తోముతోంది. లాడ్జి కన్నా ఇదే ఎక్కువ భయమేసింది ఆయనకు. చేతులు పడిపోను అని తిట్టింది కూడా ఈమే.

"ఏమే," అన్నాడు చివరికి, "ఎట్లుండాది, నేను రాసింది?"

లలితమ్మ లేచి నిలబడింది. ఏమీ మాట్లాడకుండా తడి చేతులు దులుపుకుంది. సరుకు పుచ్చన్నమాట అనుకున్నాడు ఆయన. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, కళ్లు కూడా తుడుచుకుని, గోడవైపు చూస్తూ "పర్వాలేదు" అంది.